జవాబు వచ్చేదాకా

మా అత్తగారు పోయారు. ఆమదాలవలసలో మా బియ్యం కొట్టుకు వచ్చేవాళ్ళలో చాలామందికి ఆమె ముఖం తెలియకపోయినా గొంతు తెలుసు. కొట్టు వెనకే ఇల్లు. దీపాలవేళ లోపల్నుంచి నామాలు వినబడితే, కాటా దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా కాసేపు మాటలు ఆపేవారు. పోయిన నెలలో ఒక ఆదివారం తెల్లవారేసరికి ఆ గొంతు లేదు.

కోడలు అత్తను పొగడడమేమిటని నవ్వేవాళ్ళుంటారు. నవ్వనివ్వండి. ఆమెతో నేనేం తక్కువ పోట్లాడలేదు. కొత్తలో ఆ సాయంకాలం పూజంటే నాకు మహా విసుగు. సరిగ్గా సీరియల్ మొదలయ్యే వేళకే పిలిచేవారు. కొట్లో పాతబడిపోయిన కుంచం ఒకటి గడప దగ్గర పెట్టి, "ఫోనులన్నీ ఇందులో పడెయ్యండి. మీ రింగులు దేవుడికెందుకు?" అనేవారు.

పూజ పెద్దదేం కాదు. అందరం చాప మీద కూర్చోవాలి. పెద్దకొడుకు, అంటే మా బావగారు, నామం చెప్పాలి. చిన్నకొడుకైన మా ఆయన "గోవిందా" అని జవాబివ్వాలి. మిగతావాళ్ళం అందుకోవాలి. అత్తగారు ఇత్తడి తాళాలు వాయించేవారు. నియమం ఒక్కటే. జవాబు వచ్చేదాకా రెండో నామం చెప్పకూడదు.

ఒకసారి మా ఆయన ఆవలిస్తూ కూర్చుంటే పూజంతా ఆగిపోయింది.

"ఏటిరా, అన్న పిలస్తన్నాడు, పలకవేటి?"

"అన్న పిలిసింది దేవుడినే గదమ్మా" అని నవ్వారు మా ఆయన.

"ముందు అన్నకి పలుకు. దేవుడు తరవాత ఇంటాడు."

ఆ మాట విలువ నాకు నిరుడు తెలిసింది. శ్రీకాకుళంలో వేరే కొట్టు పెడతానని మా ఆయన అన్నారు. నాన్న పెట్టిన కొట్టు కాదంటావా అని బావగారు మండిపడ్డారు. అంతే, అన్నదమ్ములు మాటలు మానేశారు. బస్తాల లెక్క కూడా గుమస్తా నోటి మీదుగానే నడిచేది. అయినా దీపాలవేళ ఒకరు పిలిస్తే ఒకరు పలికేవారు. ఇల్లంతటికీ ఊపిరాడేది ఆ కాసేపే. ఆ చాప మీద కూర్చోవాలని నాకై నాకు అనిపించింది అప్పుడే.

కానీ అత్తగారికి ఏదో తెలిసిపోయినట్టుండేది. తాళాల జతను కలిపే దారం పీచులు లేచిపోయింది. ఎర్రదారం తెచ్చి నాకిచ్చారు.

"గట్టిగా ముడెయ్యవే. నానెల్లిపోయాక ఈ ఇల్లు మూగదైపోతాదేమోనని బయ్యమేస్తన్నాది."

"ఏం మాటలత్తయ్యా అవి" అని కసురుకున్నాను గానీ, ఒకటికి రెండు ముళ్ళు వేశాను.

పెద్దకర్మ అయిన మర్నాడే పెద్దమనుషులు కూర్చున్నారు. గిన్నెలు, బిందెలు, మంచాలు పంచారు. తాళాల దగ్గరికొచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ "అమ్మవి, నాకే కావాల" అన్నారు. అత్తగారి తమ్ముడు కత్తిపీట అడిగి తెప్పించి, నేను కట్టిన ఎర్రదారం కోసేశారు.

"సెరొకటి తీసుకోండి. గొడవొదిలిపోతాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్కటే అయితే ఏం పలుకుతుంది మావయ్యా?" అని అడిగాను.

"కోడలివి, నువ్వూరుకో."

తెగిన దారం ఏరి కొంగున ముడేసుకున్నాను. వారం తిరక్కుండానే హాలు మధ్యలో గోడ లేచింది. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, చెయ్యి వేస్తే చెమ్మ తగులుతుంది.

నిన్న సాయంకాలం గాలి ఎక్కువై కరెంటు పోయింది. దీపం పెట్టి చాప పరిచాను. కుంచంలో నా ఫోను నేనే వేశాను. మా ఆయన వచ్చి, తన వంతుకొచ్చిన తాళం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గాలి కాస్త నెమ్మదించింది. అప్పుడు గోడ అవతల నుంచి బావగారి గొంతు వినిపించింది. మొదటి నామం.

ఆ తర్వాత ఏమీ లేదు. అవతల కూడా ఎవరూ కదలడం లేదు.

మా ఆయన పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"పలకండి" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. "మీ అన్నగారు పిలుస్తున్నారు, పలకండి."

ఆయన తల వంచుకుని తాళం అంచును బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయారు. ప్రమిదలో నూనె అడుగంటింది. గోడ అవతల నుంచి రెండో నామం రాలేదు.