మా పాప రూమ్మేట్

"పాపకి మాటలొచ్చేస్తే ఎలా?"

ఈ మాట నేను పైకే అనేశాను, పాప పాలసీసా కడుగుతూ. మా ఆవిడ నా వంక అదోలా చూసింది. లోకంలో తల్లిదండ్రులందరూ పిల్లలకి మాటలు రావట్లేదని డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. నేనేమో వచ్చేస్తాయని బెంగ పెట్టుకున్నాను.

పాపకి పదిహేనో నెల. వేలు చూపించడం నేర్చింది. ఫ్యాను వైపు చూపించి "ఎవలు?" అంటుంది. బకెట్టు వైపు చూపించి "ఎవలు?" అంటుంది. దానికి మనిషి, వస్తువు అన్న భేదం లేదు. పేరు చెబితే చాలు, ఒప్పేసుకుంటుంది. ఇవాళో రేపో ఆ వేలు మా బాబాయి ఇంట్లో ఉండే ఆయన వైపు తిరుగుతుంది. అప్పుడు నేనేం చెప్పాలి?

నేను మంచినీళ్ళు పరీక్షించే ల్యాబులో కెమిస్టుని. పేరు రాసి అంటించందే ఏ సీసానీ బల్ల మీద పెట్టను. అలాంటి వాణ్ణి, ఒక మనిషిని ఏమని పిలవాలో తెలియక ఇరవై రెండేళ్ళుగా దగ్గి పిలుస్తున్నాను. నిజంగానే దగ్గుతాను. ఆయన "ఆఁ, చెప్పు" అని తిరుగుతారు.

ముందు బాబాయి గురించి చెప్పాలి. మా నాన్నకి తమ్ముడు. పళ్ళు చేస్తాడు. డాక్టరు కాదు, డాక్టరు తీసిచ్చిన అచ్చు చూసి కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి. క్లినిక్ వెనక ఒక గది, అందులో కిటికీ పక్కన బల్ల, గోడ పొడుగునా అరల్లో ప్లాస్టర్ దవడలు. ఊళ్ళో సగం మంది నోళ్ళు ఆ గోడ మీదే ఉన్నాయి. బాబాయికి మొహాలు గుర్తుండవు. రోడ్డు మీద ఎవరైనా పలకరిస్తే "ఒక్కసారి నవ్వండి" అంటాడు. వాళ్ళు నవ్వగానే "అబ్బో, మీరా! ఎడమ దవడ ఎలా ఉంది?" అని చేతులు పట్టుకుంటాడు.

నేను దగ్గి పిలిచే ఆయన కూడా ఒకసారి ఆ క్లినిక్‌కి వచ్చినవారే. పేషెంటుగా కాదు, డాక్టరు గారి కుర్చీకి రెక్సిన్ చిరిగితే కొత్తది వెయ్యడానికి. సోఫాలకీ కుర్చీలకీ గుడ్డ వేసే పని ఆయనది. బుల్లి మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే నాలుకతో పెదాల మీదికి తెచ్చి, సుత్తితో టకటకా కొట్టేస్తారు. ఆ మేకుల ధర్మమా అని ముందు పన్ను అంచు విరిగి ఉంది. బాబాయి కుర్చీ చూడలేదు, పన్ను చూశాడు. "నోరు తెరవండి" అన్నాడట. "మేకులున్నాయండీ" అన్నారట ఆయన. వాళ్ళ మొదటి మాటలివే.

బాబాయి ఆ పన్నుకి తొడుగు చేశాడు. మేకులు మానమన్నాడు. ఆయన మానలేదు, తొడుగు పగిలింది. ఇప్పటికి ఏడు తొడుగులయ్యాయి. "పెళ్ళాంతో కూడా ఎవరూ ఇంత పోట్లాడరు" అంటుంది మా అమ్మ, ఏమీ ఎరగనట్టు.

వాళ్ళిద్దరూ అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు ఇంటి ఓనరు "మీరిద్దరూ ఏమవుతారు?" అని అడిగాడు. బాబాయి ఠక్కున "రూమ్మేట్లం" అన్నాడు. ఆ మాటే మా ఇంటికీ వచ్చి పాతుకుపోయింది. ఇల్లు మారినా రూమ్మేటే. సొంత ఇల్లు కట్టుకున్నా రూమ్మేటే. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే పడకగది. ఎవరూ లెక్క వెయ్యలేదు, లెక్కలొచ్చిన నేను కూడా. నాకు పద్నాలుగేళ్ళప్పుడే విషయం అర్థమైంది, ఎవరికీ చెప్పలేదు. అందరికీ అర్థమైందనీ, ఎవరూ ఎవరికీ చెప్పలేదనీ చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

ఇక వాంపైర్ల సంగతి. మేం ముగ్గురం ఆరేళ్ళపాటు శనివారం మధ్యాహ్నాలు బాబాయి పళ్ళు చేసే గదిలో కూర్చుని ఒక కామెడీ సిరీస్ చూశాం. అపార్టుమెంటులో కాపురం పెట్టిన, నాలుగొందల ఏళ్ళ వయసున్న నలుగురు రక్తపిపాసుల కథ. పిలవందే ఎవరింట్లోకీ వెళ్ళలేరు కాబట్టి అసోసియేషన్ మీటింగుకి గుమ్మం బయట నిలబడి హాజరవుతారు. వాళ్ళలో ఒక పొడుగాయన, ఒక బట్టతలాయన ఉన్నారు. వాంపైర్లు అద్దంలో కనపడరు కదా, అందుకని ఈ ఇద్దరూ రోజూ లిఫ్టు ముందు నిలబడి ఒకరి కాలరు ఒకరు సరిచేసుకుంటారు. "మీసం సరిగ్గా ఉందా?" "ఎడమవైపు కాస్త పొగరుగా ఉంది."

మొదటి ఎపిసోడ్‌లోనే బాబాయి ఆపేశాడు. "ఆ కోరపళ్ళు చూడరా! అలా పెడితే నోరు మూసినప్పుడల్లా కింది పెదవికి బొక్కే. నాలుగొందల ఏళ్ళలో ఒక్క టెక్నీషియన్ దొరకలేదా వీళ్ళకి?" మర్నాడు సరైన కోరలు తనే తయారుచేసి తగిలించుకున్నాడు. తగిలించుకున్న సంగతి మర్చిపోయి, తన సెట్ కోసం వచ్చిన పెద్దావిడకి తలుపు తీశాడు. ఆవిడ ఎగాదిగా చూసి, "బాబూ, నాకు మామూలువి చాలు" అంది.

ఆ సిరీస్ ఆఖరి సీజన్ చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆడ వాంపైర్‌కి ఇంకో మగ వాంపైర్‌తో ఒక ఎపిసోడ్ నిండా పెళ్ళి చేశారు. మన పొడుగాయనకీ బట్టతలాయనకీ? ముద్దు లేదు. "నువ్వంటే నాకిష్టం" అన్న ముక్క లేదు. ఆఖరి సీనులో పక్కపక్క శవపెట్టెల్లో పడుకుని మూతలు వేసుకున్నారు, అంతే. నేను ఊరుకోలేదు. ఆరు సీజన్లకీ పట్టిక వేశాను: ఎన్నిసార్లు ముట్టుకున్నారు, ఎన్నిసార్లు ప్రేమ అన్న మాట వచ్చింది, ఎన్ని నిమిషాలు ఇద్దరే ఉన్నారు. గ్రాఫు చూస్తే ఆఖర్న ధబేలున పడింది. దాన్ని బాబాయి బల్ల మీద పరిచాను.

"పిరికి వెధవలు," అన్నాను. "ఆరేళ్ళు ఊరించి, ఇద్దరు మగవాళ్ళ ప్రేమకి పేరు పెట్టాల్సిన చోట నోరు నొక్కుకున్నారు."

బాబాయి గ్రాఫు మీద ఒక దవడ పెట్టాడు, ఎగిరిపోకుండా. "పళ్ళకి కొలత ఎలా తీస్తారో తెలుసా? మైనం కట్టు నోట్లో పెట్టి కొరకమంటారు. మొదటిసారి ఎవడూ సరిగ్గా కొరకడు. భయానికి కింది దవడ ముందుకొచ్చేస్తుంది. ఆ గుర్తు నమ్మి పళ్ళు పేర్చామా, జీవితాంతం పైవీ కిందివీ కలవవు. అందుకే కబుర్లు చెప్పి, నవ్వించి, గుటక వెయ్యమని, అప్పుడు రెండోసారి కొరికిస్తాం. అదీ కొలత. నువ్వీ సీజన్‌ని భయపడుతూ చూశావ్."

"నాకేం భయం?"

"మాకేదో అన్యాయం జరిగిపోతుందని. పద, మళ్ళీ చూద్దాం."

మళ్ళీ చూశాం. నాలుగో ఎపిసోడ్‌లో లిప్‌స్టిక్ పెట్టుకున్న కుర్ర వాంపైర్‌ని చూసి అందరూ ఇకిలించే సీను వచ్చింది. "ఇది మాత్రం రెండోసారి కూడా కంపే," అన్నాడు బాబాయి. ముగ్గురం ఒప్పుకున్నాం. కానీ అయిదో ఎపిసోడ్‌లో సోఫాలాయన ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు.

"ఆపు, ఆపు! ఆ పెట్టెల లోపలి గుడ్డ చూడు."

నాకు ఎర్ర గుడ్డ కనపడింది, తీగల డిజైనుతో.

"ఈ పెట్టె అంచున ఆగిన తీగ ఆ పెట్టె అంచున మొదలవుతోంది. రెంటికీ ఒకటే తాను గుడ్డ. డిజైను కలవాలని పక్కపక్కన పరిచి కోశారు. ఇలా కోస్తే బోలెడు గుడ్డ వృథా. మనసులేని వాడెవడూ ఈ పని చెయ్యడు."

వెనక్కి వెళ్ళి చూశాం. రెండో సీజన్లో ఒక పెట్టెకి నీలం గుడ్డ, ఇంకోదానికి గళ్ళ గుడ్డ. అయిదో సీజన్లోనూ అంతే. ఆఖరి సీజన్లోనే ఒకటే తాను. నా పట్టికలో గుడ్డకి గడే లేదు. కాలరు సరిచెయ్యడాన్ని "ముట్టుకోవడం"లో కలపాలని కూడా నాకు తోచలేదు. కలిపి చూస్తే గ్రాఫు పడలేదు సరికదా, సీలింగు దాటింది. ముగ్గురం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం. బాబాయి చేతిలోని మైనపు పళ్ళ సెట్ కూడా టకటకా కొట్టింది.

ఆఖరి ఎపిసోడ్ చూడాల్సిన శనివారం పాపని క్రెష్ నుంచి తీసుకొచ్చే పని మొదటిసారి ఆయనకి పడింది. మూడున్నరకి పాపని చంకనేసుకుని తలుపు నెట్టుకుని వచ్చారు.

"ఇదిగో, నా రూమ్మేట్‌ని తెచ్చాను!"

బాబాయికి అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైంది. పాపని క్రెష్‌లో చేర్చేటప్పుడు ఫారం నింపింది నేనే. పాపని తీసుకెళ్ళగలిగే వాళ్ళ పేర్లు, పక్కన 'పాపతో సంబంధం' అన్న గడి. బాబాయికి 'చిన్న తాతయ్య' అని రాశాను. ఆయన గడి దగ్గర చెయ్యి ఆగింది. అలవాటైన మాట అదే వచ్చేసింది.

"గేటు దగ్గర మేడమ్ కాగితం చదివి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది," అన్నారు ఆయన. "'పాప రూమ్మేట్ మీరేనాండీ?' అని అడిగింది. అవునండీ, అద్దె సగం సగం, అన్నాను."

బాబాయి నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. నాకూ నవ్వు తన్నుకొచ్చింది, కళ్ళనీళ్ళొచ్చేదాకా. పాప కూడా నవ్వింది, ఉన్న ఆరు పళ్ళూ చూపిస్తూ. అందరికంటే ముందు నవ్వడం ఆపింది ఆయనే.

"గేటు దగ్గర నేనూ నవ్వాను. బస్సెక్కాక నవ్వు రాలేదు."

స్క్రీను మీద వాంపైర్లిద్దరూ పెట్టెల్లోకి దిగుతున్నారు.

"గుడ్డ చూసి కనిపెట్టింది నువ్వేగా," అన్నాడు బాబాయి నెమ్మదిగా. "చెప్పకుండానే అంతా చెప్పారని."

"చెప్పారు. బాగా చెప్పారు. నేను కాదన్నానా?" పాప పిడికిట్లోంచి తన కాలరు విడిపించుకున్నారు. "వాళ్ళకేంటి, వాంపైర్లు. ఇంకో నాలుగొందల ఏళ్ళున్నాయి, నిదానంగా చెప్పుకుంటారు. నాకు అరవై రెండు."

బాబాయి చేతిలో మైనపు సెట్ కింద పెట్టేశాడు.

"ఆ రూమ్మేట్ మాట నాదేరా," అన్నాడు నాతో. "ఆ ఓనరు ముందు భయంతో అన్నాను. దాన్ని పట్టుకునే ఇన్నేళ్ళూ పళ్ళు పేర్చుకుంటూ పోయాను. ఒక్కసారి మళ్ళీ కొరికి చూసుకోలేదు." ఆయన వైపు తిరిగాడు. "నా తప్పే."

"ఏడుసార్లు పన్ను మార్చావ్," అన్నారు ఆయన. "మాట మార్చడానికి తీరిక లేదూ?"

సరిగ్గా అప్పుడే పాప, ఆయన చంకలోనే ఉండి, ఆయన ముక్కు మీద వేలు పెట్టి నా వైపు చూసింది. "ఎవలు?"

నేను దగ్గాను.

"దగ్గుమందు తెప్పించనా?" అన్నారు ఆయన.

"తాతయ్య," అన్నాను. "తాతయ్య రా, అమ్మడూ."

"తా," అంది పాప. ఆ ముక్కు సంగతి తేలిపోయినట్టు, బల్ల మీది దవడ వైపు వేలు తిప్పేసింది.

ఆయన పాపని ఇంకో చంకకి మార్చుకుని, "దానికి సరే, నీకేమవుతాను?" అన్నారు. "బాబాయి మనిషిని కదా అని పిన్నీ అన్నావంటే కుర్చీకేసి కుట్టేస్తా."

"బాబాయ్ అంటాను."

"నేను పలకాలా, వాడు పలకాలా?"

"ఇద్దరూ పలకండి."

ఇప్పుడు "బాబాయ్" అంటే రెండు తలలు తిరుగుతున్నాయి. ఆయన్ని 'మీరు' అనడం ఇంకా మానలేకపోతున్నాను కానీ, దగ్గు మాత్రం తగ్గింది.

సోమవారం క్రెష్‌కి వెళ్ళి ఫారం మార్చమన్నాను. ఎందుకు మార్చాలో మేడమ్‌కి వివరించాను: అద్దె ఇల్లు, ఓనరు, కుర్చీ రెక్సిన్, ఒకటే తాను గుడ్డ, సమాజం, జన్యుశాస్త్రం ప్రకారం తాతయ్య అన్న మాటకి హద్దులు. పావుగంట చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, 'రూమ్మేట్' కొట్టేసి 'తాతయ్య' అని రాసి, "ఫోటో ఒకటి తక్కువైందండీ, పాస్‌పోర్ట్ సైజుది," అంది.

ఆ సాయంత్రం బాబాయికి ఇదంతా చెప్పి, అసలు భయం బయటపెట్టాను. "మేడమ్ సరే. రేపు పాపే అడుగుతుంది. ఏ వయసులో ఎంత చెప్పాలి? ఇద్దరు తాతయ్యలు ఒకే ఇంట్లో ఎందుకున్నారంటే ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? ఒక చార్టులాగా రాసుకుందామని..."

బాబాయి దవడ మీద ప్లాస్టర్ గీకుతూ తలెత్తలేదు.

"అడిగినదానికి ఒక్క ముక్కలో నిజం చెప్పు. చెప్పి నోరు మూసుకో. ఇంకా కావాలంటే అదే అడుగుతుంది. రెండో ముక్క నుంచి నువ్వు చెప్పేది పిల్లకి కాదు, నీ భయానికి."

చార్టు రాయలేదు. నిన్న పాప బాబాయిలిద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చోవడం చూసి, ఆశ్చర్యంగా నా వైపు తిరిగింది. "ఇష్టం," అన్నాను. ఆ తర్వాత నాలుక చివరిదాకా పద్నాలుగు వాక్యాలు వచ్చాయి. నోరు మూసుకున్నాను.