సింహాచలం దారిలో ఆగిపోయిన చెమట

“నీళ్ళు తాగీసెల్లు మావా.”

“వచ్చి తాగుతాన్లే. పొద్దెక్కిపోతన్నాది.”

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలివే. నౌపడ ఉప్పు మడుల్లో పనికి వెళ్ళి ఆ మధ్యాహ్నమే వడదెబ్బతో పోయాడు. మరుసటి వేసవికి ఆయన పేరు మీద సింహాచలం నడిచి వెళ్తానని మొక్కుకున్నాను. మా ఊరి ఆడవాళ్ళ గుంపుతో బయల్దేరితే, నాకు తోడు వచ్చింది మా ఆయన అక్క. నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ ఆ వదినే.

వీపుకి సంచీ, అందులో చీర, దుప్పటి, చోడి (రాగి) అంబలి సీసా. పగలు నడక. రాత్రి ఏ బడి వరండాలోనో, తుఫాను షెల్టరులోనో పడక. నీళ్ళకు లోటు లేదు, దారి పొడుగునా చలివేంద్రాలే. కానీ రోడ్డు పక్కన ఆడదానికి మరుగేదీ? అందుకని పెదాలు తడుపుకుని ఊరుకునేవాళ్ళం. వదిన ఒక్కతే కడుపునిండా తాగి, మాటిమాటికీ తుప్పల్లోకి వెళ్ళేది. మేమంతా నవ్వేవాళ్ళం.

ఓ రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. నడుస్తుండగా నా ఒంటి మీద చెమట ఆగిపోయింది. చల్లబడ్డాను కాబోలనుకుని నడక పెంచాను. షెల్టరుకి చేరేసరికి మెట్లు రెండేసిగా కనిపించాయి. గచ్చు మీద కూలబడి, “మావొచ్చినాడా వదినా?” అన్నానట. నాకు గుర్తు లేదు. వదిన ముట్టుకుంటే ఒళ్ళు పెనంలా కాలుతోందట. నెత్తిన నీళ్ళు గుమ్మరించి, తడిచీర చుట్టి, అందరిచేతా విసిరించిందట. అంబులెన్సు వచ్చేదాకా ఒకటే మాటట: “తమ్ముడెల్లిపోనాడు. నువ్వు కూడా ఎల్లిపోతే నానెవులితో తగువాడాలే?”

ఆసుపత్రిలో హీట్ స్ట్రోక్ అన్నారు. సెలైన్ పెట్టి, బ్లడ్ టెస్ట్ చేశాక డాక్టరమ్మ చెప్పింది: “క్రియాటినిన్ బాగా పెరిగింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి. యూరిన్ రాకపోతే డయాలసిస్ చెయ్యాలి.”

మా వైపు ఊరూరా కిడ్నీ జబ్బులే, ఆ మాటకి వణకని ఇల్లు లేదు. మంచానికి కట్టిన యూరిన్ సంచీలో చుక్క పడదు. దారంతా ఆపుకున్నది, ఇప్పుడు రమ్మంటే రాదు. పొయ్యి మీద పాలు కాపలా కాసినట్టు వదిన ఆ సంచీ వైపే చూస్తూ కూర్చుంది.

ఓ పొద్దున నన్ను కుదిపి లేపింది. “ఒసే, వచ్చినాదే.” వార్డంతా వినబడింది. సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. డాక్టరమ్మ కూడా నవ్వి, “ఇక డయాలసిస్ వద్దులే. దాహం వేసేదాకా మాత్రం ఎప్పుడూ ఆగకు” అంది.

ఇంటికొచ్చాక కాళ్ళు వాచి మళ్ళీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. సత్తువ వచ్చేసరికి వానలు పడ్డాయి. ఇప్పుడు క్రియాటినిన్ మామూలుగా ఉంది, నా పని నేను చేసుకుంటున్నాను. మిగిలిన నడక చలికాలంలో ఇద్దరం పూర్తి చేశాం.

నడకకి వెళ్ళే అక్కచెల్లెళ్ళకి నేను చెప్పేదొకటే. సంచీలో ఓ పాత చీర అదనంగా పెట్టుకోండి. ఇద్దరు అటూ ఇటూ పట్టుకుంటే అదే మరుగు. అప్పుడు భయం లేకుండా నీళ్ళు తాగొచ్చు.

రాసినావా వదినా? అయితే మొదటినుంచి ఓసారి సదివి ఇనిపించు. ఉండు, ముందు ఆ గ్లాసుడు నీళ్ళు తాగు. సదివీసి తాగుతానని మాత్రం అనకు.