పేరు లేని వ్యాసం

ఫిజీ రాజధాని సువాలో ఒక బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మెరీబా ఇంటికి మే నెలలో చుట్టాలెవరూ వచ్చేవారు కాదు. వచ్చినా వంటింటి బల్ల దగ్గర కూర్చోనిచ్చేది కాదు. ఆ బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని, ఎక్కడెక్కడి దేశాల్లోనో హైస్కూలు చివరి ఏడాది పిల్లలు రాసిన పరిశోధన వ్యాసాలు దిద్దేది. ఒక్కొక్కటి దాదాపు నాలుగు వేల మాటలు. పిల్లల పేరుండదు, బడి పేరుండదు. ఒక ప్రశ్న, దానికి వాళ్ళు వెతుక్కున్న జవాబు, అంతే. రాసింది ఎవరో ఆరా తియ్యకూడదన్నది మొదటి నియమం. ఆ నియమం ఆమెకి ఎన్నడూ కష్టమనిపించలేదు, బనాబా వ్యాసం వచ్చేదాకా.

కరువు రోజుల్లో బనాబా దీవి నీటి గుహల మీద ఆడవాళ్ళ అధికారం ఎంతవరకు నిలబడింది? ఇదీ ప్రశ్న. మెరీబా రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

వాళ్ళమ్మ పుట్టింది పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న ఆ చిన్న బనాబాలో. ఎరువులకి వాడే ఫాస్ఫేటు కోసం తెల్లవాళ్ళ కంపెనీ ఒకటి ఆ దీవిని తవ్విపోసింది. రెండో ప్రపంచ యుద్ధంలో జనం చెల్లాచెదురయ్యారు. యుద్ధం ముగిశాక వాళ్ళని ఓడలో తెచ్చి ఫిజీలోని రాంబీ దీవిలో దింపారు. మెరీబా అక్కడ పుట్టింది. అమ్మ ఊరు ఆమె కంటితో చూసింది లేదు. చెంబుతో నీళ్ళు పోస్తూ అమ్మ చెప్పిన మాటలే ఆమెకి బనాబా. కొబ్బరి చిప్పలు మెడకి కట్టుకుని ఆడవాళ్ళు నీళ్ళ కోసం గుహల చీకట్లో పాకేవారట. మగవాడు దాహంతో ప్రాణం పోతున్నా గుహ బయటే కూర్చోవాలట.

వ్యాసంలో ఒక ముసలామె మాటలున్నాయి. పేరు రాయకుండా ‘మొదటి సాక్షి’ అని మాత్రం రాశారు. "ముందు పాకేవాళ్ళ మడమ వేలితో తాకుతూ పోయేవాళ్ళం. మడమ అందకపోతే అక్కడే ఆగి ఏడవమనేది మా అమ్మ" అంటుంది ఆమె.

ఆ మడమ సంగతి అమ్మ చెప్పగా తప్ప మెరీబా ఎక్కడా వినలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. లేచి వెళ్ళి వాకిట్లో కాసేపు నిలబడింది. తిరిగొచ్చి, ఆలోచనా పటిమకి పన్నెండుకి తొమ్మిది వేసింది. అన్నిట్లోకీ ఎక్కువ మార్కులున్న అంశం అదే.

మర్నాడు పొద్దున మళ్ళీ తెరిచి చదివితే సిగ్గనిపించింది. వాదమంతా ఒక్క ముసలామె జ్ఞాపకం మీద నిలబడింది. పెద్ద కరువులో మగవాళ్ళు కూడా గుహలోకి దిగారని ఆమె అంటే, ఆ పిల్లో పిల్లాడో అలాగే రాసేసుకున్నారు. అది నిజమేనా, ఇంకెవరన్నా వేరేగా చెబుతారా అని చూడనే లేదు. ఇంకో దేశం గురించైతే మెరీబా ఇది ఊరుకునేది కాదు.

దిద్దేవాళ్ళ మీద పెద్ద అయిన హెదర్‌కి ఫోన్ చేసింది. హెదర్ ఉండేది అడిలైడ్‌లో.

"రాసినవాళ్ళు నీకు తెలుసా?" అంది హెదర్.

"తెలీదు. బడీ తెలీదు. ఆ గుహలు తెలుసు. మా అమ్మ ఊరవి."

"వద్దంటే చెప్పు, వేరేవాళ్ళకి పంపిస్తా. దిద్దగలననుకుంటే దిద్దు. మీ అమ్మకి మాత్రం మార్కులు వెయ్యకు."

మెరీబాకి నవ్వొచ్చింది. "నేనే దిద్దుతా" అంది.

తొమ్మిదిని ఆరు చేసింది. పని ఎలా సాగిందో విద్యార్థి చెప్పుకున్న పేజీకి మాత్రం పూర్తి మార్కులు వేసింది. ‘మా ముసలమ్మ భాష నాకు సగమే వచ్చు. ఆవిడ ఏడ్చినప్పుడు ఎందుకో అడగడానికి నాకు మాటలు లేవు’ అని ఉంది అందులో. మొత్తానికి మధ్యరకం గ్రేడు వచ్చింది. బటన్ నొక్కగానే వ్యాసం తెర మీంచి పోయింది. రాసినవాళ్ళకి ఒక్క మాట చెప్పే దారి లేదు. మీ ముసలమ్మ ఎవరు, ఏ ఊరిది, బాగుందా అని అడగాలనుంది ఆమెకి.

పని ముగిశాక ఓడలో సావుసావు అనే రేవుకి వెళ్ళి, బస్సు పట్టుకుని, చివర చిన్న పడవలో రాంబీ చేరింది. అమ్మ చెల్లెలు తెవీయా అక్కడే ఉంటుంది. పిన్ని టీలో కొబ్బరికల్లు పాకం పోస్తుంటే అడిగింది.

"పిన్నీ, పెద్ద కరువులో మగవాళ్ళు గుహలోకి దిగారా?"

పిన్ని చెయ్యి ఆగింది. "ఎవరే అన్నది?"

"దిగారా లేదా చెప్పు."

"దిగారు. మా నాన్నే దిగాడు. అమ్మ నిండు చూలాలు, ఎలా పాకుతుంది? నేను బయట కూర్చుని చూశా. మీ అమ్మ చచ్చినా ఒప్పుకునేది కాదులే, దానికి అంత పరువు. ఇంతకీ ఎవరు చెప్పారు?"

"చెప్పకూడదు పిన్నీ."

"మన గుహ సంగతి నాకే చెప్పకూడదా?"

"నాకూ తెలీదు. ఎవరో ముసలామె చెప్పిందని ఒక వ్యాసంలో ఉంది. పిల్లలు రాసేవాటికి పేర్లుండవు."

పిన్ని టీ పక్కన పెట్టేసింది. "అది చూసినవాళ్ళం అప్పటి చిన్నపిల్లలమే. ఇక్కడ నేనొక్కదాన్నే మిగిలా. అయితే ఇంకొకతి ఎక్కడో ఉందన్నమాట." వేళ్ళ మీద ఎవరెవరినో లెక్కపెట్టుకుని మళ్ళీ తనే అంది. "బిరిటా అయ్యుంటుంది. యుద్ధంలో జపాను వాళ్ళు మమ్మల్ని కొస్రాయె దీవికి తీసుకుపోయారు చూడు, అక్కడ దానికి జ్వరం తగిలితే ఒకింటివాళ్ళు పెట్టుకున్నారు. ఓడ వచ్చిన రోజు రేవుకి రాలేదు. పోయిందనుకున్నాం. గుహలో నవ్వేది తల్లీ అది. ఎంత గిల్లినా ఆపేది కాదు."

మెరీబా వేసిన ఆరు తప్పేమీ కాదు, రాసినవాళ్ళు సరిచూసుకోవలసింది చూసుకోలేదు కాబట్టి. కానీ ముసలామె చెప్పింది నిజం. ఆ సంగతి రాసినవాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

మరుసటి మే నెలలో మెరీబా హెదర్‌ని అడిగి ఎక్కువ వ్యాసాలు తీసుకుంది. రైళ్ళ గురించి వచ్చాయి, సమ్మెల గురించి వచ్చాయి. దీవుల గురించి ఒక్కటీ రాలేదు. రాంబీ నుంచి పిన్ని ఫోన్ చేసింది.

"బిరిటా సంగతి ఆ పిల్ల మళ్ళీ ఏమన్నా రాసిందా?"

"లేదు పిన్నీ. ఒక్కొక్కళ్ళు ఒక్కసారే రాస్తారు."

"ఊఁ" అంది పిన్ని. ఫోన్ మాత్రం పెట్టలేదు.