గరిక పీకిన చేతులు

బాలమల్లు ముప్పై ఏళ్లు గరికతో కొట్లాడిన మనిషి. రావిర్యాల పక్కన రెండెకరాల చెలకలో ఎంత పీకినా మళ్లీ మొలిచే ఆ గడ్డిని తిట్టని రోజు లేదు. చెలక పోయింది, కోపం మాత్రం మిగిలింది. అట్లాంటోడు శంషాబాద్‌లో మసర్రత్ మేడం ఇంట్లో తోటమాలిగా చేరి, పైసలిచ్చి మరీ గరిక విత్తనం కొన్నాడు.

కొనక తప్పలేదు. అంతకుముందు మేడం కొడుకు మొయిజ్ ఆన్‌లైన్‌లో ఏదో చలిదేశపు గడ్డి విత్తనం తెప్పించాడు. డబ్బా మీద బొమ్మ తివాచీలా ఉంది. మార్చిలో చల్లితే వారానికే పచ్చగా లేచింది, ఏప్రిల్ ఎండకు చాయ్‌పత్తిలా మాడింది. మోకాళ్ల ఆపరేషన్ అయిన మేడం చెప్పుల్లేకుండా మెత్తటి గడ్డి మీద నడవాలని ఆశపడింది.

"ఇంకొక్కసారి చూస్త బాలమల్లూ. కాకుంటే టైల్స్ వేయిస్త" అంది.

టైల్స్ వేస్తే తోటమాలితో పనేముంది? మళ్లీ ఏదో గోదాం ముందు వాచ్‌మన్ కుర్చీయే. అందులో కూర్చున్న రెండేళ్లూ అతను బతికినట్టే అనుకోడు.

అత్తాపూర్ విత్తనాల దుకాణాయన సూటిగా చెప్పాడు: "మన ఎండకు ఆగేది గరికనే. పొట్టు తీసిన విత్తనం తీస్కో, జల్ది మొలుస్తది. నీడల మాత్రం రాదు."

జూన్ తొలివానకు బాలమల్లు మట్టి చదును చేశాడు. విత్తనంలో ఇసుక కలిపి సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లాడు. చెక్కతో అదిమి, రోజుకు మూడుసార్లు నీళ్లు చిలకరించాడు. నెలలోపే తీగలు పాకాయి. అప్పుడు జల్‌పల్లిలో చుట్టాల పెళ్లి పడింది. మేడం కూడా చెల్లెలింటికి పోయి ఉంది, నెలన్నరకు గానీ రాదు. నీళ్లు పట్టమని భార్య రాములమ్మకు చెప్పి పోయాడు.

తెల్లారి వచ్చి చూస్తే సగం నేల బోడిగా ఉంది.

"ఏం చేసినవే?"

"నీళ్లు పట్టిన. గరిక ఎగబడ్డది, పీకిన. పైపైన గాదు, ఏర్లతోని! నడుము పడిపోయింది, ఇంక సగం ఉన్నది."

"అది నేను చల్లిన గరిక!"

"గరికను చల్లేటోడు ఎవడయ్యా? పిచ్చిలేసిందా?"

తప్పు అతనిదే. లాన్ అన్నాడు గానీ గరిక అని చెప్పలేదు, నవ్వుతుందని. కలుపు కూలికి పోయి బతికిన మనిషి రాములమ్మ. దున్నిన నేలలో గరిక కనబడితే ఇంకేం చేస్తుంది?

బాలమల్లు మట్టిలోనే కూలబడ్డాడు. "అయిపాయె. ఇగ వాచ్‌మనే."

రాములమ్మ గోడపక్క కుప్ప కెలికింది. రాత్రి వానకు తడిసి పచ్చగానే ఉంది.

"ఒక్కరోజుకే గరిక సస్తే మనం గంత గోస ఎందుకు పడ్డం? ముక్కలు చెయ్, కణుపులు చూసి తుంచు. తాడు పట్టు."

ఇద్దరూ తాడు కట్టి, వరి నాటు వేసినట్టే వంగి ఒక్కో ముక్కా బురదలో గుచ్చారు. నాలుగు రోజులు బాలమల్లు పొద్దున్నే వచ్చి ఒక్కో కణుపూ వంగి చూశాడు. ఐదోనాడు ఒక కణుపు కళ్లు తెరిచింది. నెల దాటేసరికి బోడి కనబడలేదు.

మసర్రత్ మేడం వచ్చి మెట్టు దగ్గర చెప్పులు విడిచింది. గోడ పట్టుకుని ఒక పాదం పెట్టింది, తర్వాత రెండోది. గోడ వదిలేసింది.

"మొయిజ్, టైల్స్ ఆయనకు ఫోన్ చెయ్ బేటా. రావద్దని చెప్పు."

బాలమల్లు నవ్వు ఆపుకోలేక గేటు దగ్గరున్న భార్యను పిలిచాడు. "రా, నువ్వు గూడ నడువు."

"వద్దు తియ్యి" అంది రాములమ్మ, చేతులు కొంగులో చుట్టుకుని. "దగ్గరికొస్తే ఇవి ఊకుంటలేవు."