యక్షుడి కాళ్ళు నావి

ఆ రోజుల్లో అమెరికాలో, ఫ్రీమాంట్‌లో మాకు ఆదివారమంటే థాయ్ గుడి. భక్తి అనుకునేరు, అక్కడ పెట్టే మామిడిపండు అన్నం కోసం. కొత్త ఉద్యోగం, ఆఫీసులో రోజంతా స్క్రీన్‌తో తప్ప మనిషితో మాటలేని రోజులు. నాతోపాటు అపార్ట్‌మెంట్‌లో ఉండే వరంగల్ కుర్రాణ్ణి అందరం ‘మామ’ అనేవాళ్ళం (ఎవరికి మామో ఎవరికీ తెలీదు). ఓ ఆదివారం ఇద్దరం ప్లేట్లు పట్టుకుని ఖాళీ బల్ల వెతుక్కుంటూ పక్క హాల్లోకి వెళితే, ఒక పెద్దావిడ బొమ్మలాట నేర్పుతోంది. మనుషులు తక్కువయ్యారట. మా ప్లేట్లు పక్కన పెట్టించి, చేతుల్లో బొమ్మ పెట్టేసింది.

పచ్చ మొహం, కోరలు, తళుకుల బట్టలు, రెండు మూరల ఎత్తున్న యక్షుడు. ఈ ఆటలో తెర వెనక దాక్కోవడం ఉండదు. ఒక్క బొమ్మను ముగ్గురు పట్టుకుని, జనం ఎదుటే, దానితోపాటు తామూ అవే అడుగులు వేస్తారు. తల, కుడిచెయ్యి పెద్దావిడవి. ఎడమచెయ్యి మామది. వంగి కాళ్ళాడించే పని నాది. ఆవిడను అందరూ ‘ఆజాన్’ అనేవారు, మన ‘ఆచార్య’ మాటేనట. ముగ్గురం ఆనుకుని ఆడాలి కాబట్టి కాళ్ళు తగులుతాయి. తగిలినప్పుడల్లా నా చెయ్యి నన్నడక్కుండానే బొమ్మ కాలొదిలేసి, ఆజాన్ పాదం తాకి, నా కళ్ళకద్దేది. చిన్నప్పుడు పుస్తకానికి కాలు తగిలితే అమ్మ వేసిన మొట్టికాయల ఫలితం. అంతటి యక్షుడూ ఒంటికాలు వేలాడేసుకుని నిలబడిపోయేవాడు.

“ముగ్గురూ పట్టుకుంటేనే వాడికి ప్రాణం, ఒకరొదిలినా చెక్కే,” అంది ఆజాన్ మెల్లగా. “గుడి పండగలో మన ఆట నాటికీ ఈ దండాలు మానకపోతే కాళ్ళు వేరేవాళ్ళకిస్తాను.” ఆ కాళ్ళు పోతే నాకెలా? వారమంతట్లో నేను లేకపోతే ‘ఏడీ?’ అని అడిగే చోటు అదొక్కటే మరి.

“పరేషాన్ కాకురా, ప్రాక్టీస్ చేద్దాం. నువ్వు నన్ను తన్ను, దండం మాత్రం పెట్టకు,” అన్నాడు మామ.

“పాపంరా!”

“ఆ పాపం నా అకౌంట్‌లో వేస్కో. కాలొదిలినవంటే ఆజాన్ నిన్ను రీప్లేస్ చేస్తది.”

ఇక రోజూ సాయంత్రం దిండునే యక్షుణ్ణి చేసుకుని, తాళం తప్పకుండా తన్నుకున్నాం. కింది ఇంటి ఆంటీ పైకొచ్చి, “గొడవలుంటే కూర్చుని మాట్లాడుకోండి నాన్నా,” అని పులిహోర చేతిలో పెట్టి వెళ్ళింది.

పండగ రోజు వచ్చింది. ఆట సగందాకా బాగానే నడిచింది. సవాలు విసురుతూ యక్షుడు ఎగరాలి. ఎగిరాడు. దిగేటప్పుడు నా మడమ నిండుగా ఆజాన్ పాదం మీద పడింది. ఆవిడ ‘హుఁ’ అనడం విన్నాను. చెయ్యి ఆ పాదం వైపు లాగింది, అయినా పళ్ళు బిగించి బొమ్మ కాలొదల్లేదు. అంతలో యక్షుడి ఎడమచెయ్యి కిందికి దిగింది! పాపం తన అకౌంట్‌లో వేసుకుంటానన్న మామే, పెద్దావిడ కాలు తొక్కడం చూసి తట్టుకోలేకపోయాడు. వాడు పట్టుకున్నది బొమ్మ చెయ్యి కాబట్టి అదే దిగింది. దాని వెంట ఆజాన్ బొమ్మ తల వంచింది. నేను దాని మోకాళ్ళు వంచాను. కోరల యక్షుడు ఒంగి, ఆవిడ పాదం తాకి, కళ్ళకద్దుకున్నాడు (ఎడమచేత్తో అద్దుకోకూడదు నిజమే, కానీ మామకిచ్చింది ఆ చెయ్యే). ముందు వరసలో థాయ్ బామ్మలు చేతులు జోడించారు. ఆ తర్వాత ఒకటే చప్పట్లు.

లోపలికి రాగానే, “ఎవరు మొదలుపెట్టారు?” అనడిగింది ఆజాన్. “నేను కాదు,” అన్నాను. “నేను కాదు,” అన్నాడు మామ, బొంకుతూ. “నేనూ కాదు. అయితే వాడే,” అని యక్షుణ్ణి చూసి నవ్వింది. “కాళ్ళు నువ్వే ఉంచుకో.” ఆ రాత్రి నాకు ఆనందంతో ఆకలే వెయ్యలేదు.

ఇప్పుడు జుట్టు పలచబడింది. రైల్లో ఎవరి బూటైనా తొక్కితే ఫోన్ మీంచి కళ్ళెత్తకుండానే ‘సారీ’ అనేస్తాను, చెయ్యి కదలదు. ప్రాక్టీస్ బాగానే పనిచేసింది. అప్పుడప్పుడు మాత్రం చెయ్యి ఆపుకోలేని అప్పటి నాలోని కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను, వాడి మీద కాస్త బెంగ కూడా పడతాను.