తీగకీ కడ్డీకీ మధ్య

మా ఆయన బేస్ గిటార్ తీగల ఎత్తు కొలిచే పని పెళ్లయినప్పటి నుంచీ నాదే. ఆయనకు దగ్గరి అంకెలు ఆనవు, కళ్లజోడు పెట్టుకోమంటే నామోషీ. గిటార్ మెడ మీద అడ్డంగా సన్నటి లోహపు కడ్డీలుంటాయి. పన్నెండో కడ్డీ మీద స్టీలు స్కేలు నిలబెట్టి, తీగ ఎంత ఎత్తులో ఉందో నేను చదవాలి. ఆయన కింది స్క్రూలు తిప్పాలి. ఎత్తు ఎక్కువైతే వేళ్లు నొక్కలేవు, మరీ తక్కువైతే తీగ కడ్డీలకు తగిలి గరగరమంటుంది. కొవ్వూరులో మా చర్చిలో ఆదివారం ఆరాధనకు ఆయనే వాయిస్తారు. వారమంతా హార్డ్‌వేర్ షాపులో మేకులు తూచే మనిషి బతికేది ఆ కాసేపటి కోసమే.

మొన్నటి వానాకాలంలో ఒకరోజు "తీగలు లేచాయే, చూడు" అన్నారు.

కొలిచాను. ఎప్పటిలాగే రెండున్నర మిల్లీమీటర్లు. "ఏం లేవలేదండి" అన్నాను.

"నీకు చూడటం రాదు."

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ వచ్చింది, ఇవాళ రాకుండా పోయిందా? ఆయన మాత్రం స్క్రూలు తిప్పి తీగలు కాస్త దించుకున్నారు.

మా వైపు ఏం పాడైనా గోదావరి మీదకే తోసేస్తాం. తలుపు బిగుసుకున్నా, ఉప్పు నీరుకారినా, మోకాలు పట్టేసినా "వరద గాలండి" అంటే చాలు, ఇంకెవరూ అడగరు. చెమ్మకు చెక్క వంగిందని మా ఆయన తేల్చేశారు. తడిసిన ఫోన్‌ని బియ్యంలో పెట్టినట్టు, గిటార్‌ని పాత దుప్పట్లో చుట్టి బియ్యం బస్తాల మధ్య పడుకోబెట్టారు. "జోల కూడా పాడండి" అన్నాను. ఆయన నవ్వలేదు. అలాంటి మాటకు నవ్వకుండా ఉండే మనిషి కాదు. నాకు మొదటిసారి భయమేసింది అప్పుడే.

తర్వాత వారం మళ్లీ అదే మాట. మళ్లీ దించడం. అంకె తగ్గుతోందని నేను చదివి చెబుతున్నా ఆయన గొణుగుడు ఆగలేదు. ఓ మధ్యాహ్నం ఆయన షాపులో ఉండగా గిటార్ బయటికి తీసి, అన్నిటికంటే లావు తీగను చిటికెన వేలితో నొక్కాను. మెత్తగా దిగిపోయింది. వాయించడమే రాని నా వేలికి! అక్కడే బస్తా మీద కూలబడ్డాను. ఆ మధ్య టీ గ్లాసు ఆయన ఎడమ చేతిలోంచి జారితే వేడికి వదిలేశారనుకున్నాను. గుండీలు పెట్టమని నన్ను పిలిస్తే గారాలు పోతున్నారనుకున్నాను. వాయించేటప్పుడు తీగలు నొక్కేది ఆ చెయ్యే.

"డాక్టర్‌కి చూపిద్దామండి" అన్నాను రాత్రి అన్నాల దగ్గర.

"గిటార్‌కి జబ్బు చేస్తే నాకెందుకే డాక్టరు?" అని కసురుకున్నారు.

శనివారం సాయంత్రం మళ్లీ కూర్చున్నాం. ఆయన తిప్పుతూ తిప్పుతూ ఉంటే స్క్రూ అడుగంటి ఆగిపోయింది. "ఎంత?" అన్నారు. "మిల్లీమీటరు కూడా లేదండి" అన్నాను. ఏ తీగ మీటినా గరగరే. వాయించి చూస్తానని ఎడమ చూపుడు వేలు తీగ మీద ఆనించారు. నేను స్కేలు తియ్యకుండా చూస్తూనే ఉన్నాను. ఆ సన్నటి సందు అలాగే ఉంది.

"నొక్కండి" అన్నాను.

ఆయన తలెత్తి నా ముఖంలోకి చూశారు.

"నొక్కుతూనే ఉన్నాను కదే" అన్నారు.