నీళ్ల క్యాన్లతో తేల్చిన ఇంజను

మా పక్కింటాయన ముప్పై ఏళ్లు నీళ్ల ట్యాంకర్ నడిపాడు. వీధంతా ట్యాంకరాయన అంటుంది, నాకు మాత్రం తమ్ముడు. ఏ బరువునైనా నీళ్లలో చెప్పడం ఆయన అలవాటు. లీటరు నీళ్లు కిలో కదా, ఇరవై లీటర్ల క్యానే ఆయన తూకంరాయి. ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, "మూడున్నర క్యాన్లుంటావక్కా" అన్నాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు నేను.

ఆయన భార్యకు నడుం ఆపరేషన్ అయి నాలుగేళ్లయింది. బస్సులో ఒక్క కుదుపు తగిలినా విలవిల్లాడుతుంది. కొండ మీది ఊళ్లో ఉండే ఆవిడ సొంత అక్కకేమో చూపు తగ్గిపోతోంది. అది పూర్తిగా పోయేలోపు అక్క ముందు నిలబడాలని ఆవిడ ఆరాటం. అందుకే, పడుకుని వెళ్లేలా మంచం ఉన్న క్యాంపర్ వ్యాను కొనాలనుకున్నాడు తమ్ముడు.

షాపులో ఆ వ్యాను రెండు రకాల ఇంజన్లతో దొరుకుతుంది. వంద హార్స్‌పవర్‌ది సిద్ధంగా ఉంది. నూట నలభైది కావాలంటే ఆరు నెలలు ఆగాలి.

"వంద చాలండీ. నడిపి చూడండి, పక్షిలా పోతుంది" అన్నాడు అమ్మేవాడు.

"ఖాళీగా ఉంటే ఏ బండైనా పక్షే. ముప్పై క్యాన్లు ఎక్కించి చూస్తా."

అన్నంత పనీ చేశాడు. పెట్టాలనుకున్న ప్రతి సామానుకూ ఇన్ని క్యాన్లని లెక్కగట్టి నీళ్లు నింపి ఎక్కించాడు. భార్యను మంచం మీద పడుకోబెట్టాడు. ఆవిడకు తోడని నేనూ ఎక్కాను. తోడు మాటకేం గానీ, చూడకుండా ఉండలేక.

కొండ దారిలో నిటారు ఎత్తు మీద బండి ఆపి, మళ్లీ కదిలించాడు. ఇంజను గొల్లుమంది. క్లచ్ మాడిన వాసన. బండి జానెడు వెనక్కి జారి, ఒక్క ఉదుటున ముందుకు దూకింది. ఆవిడ "అమ్మా!" అని అరిచింది.

తమ్ముడు బండి పక్కకు ఆపి చెమట తుడుచుకున్నాడు. "లాభం లేదు. ఆరు నెలలు ఆగుదాం."

"అప్పటికి అక్క నన్ను గొంతు విని గుర్తుపట్టాలి" అంది ఆవిడ. తల తిప్పి క్యాన్ల వైపు చూసింది. తర్వాత, "ఆ మూలవి ఏంటండీ?"

"ఫ్రిజ్."

"దించండి. ఆ అయిదూ?"

"టేకు అలమర. నీ చీరలకి."

"ఉన్న నాలుగు చీరలకి టేకు అలమరా! దించండి. మరి ఆ పది?"

"నీళ్లు."

"ముప్పై ఏళ్లు ఊరందరికీ మోశారు, ఇంకా తీరలేదా? రెండుంచండి చాలు."

"నన్నూ దిగమంటావా?" అన్నాను.

"నువ్వు దిగితే దీని కబుర్లు ఎవరు వింటారక్కా, కూర్చో" అన్నాడు తమ్ముడు.

ఒక్కో క్యాను దించుతుంటే తమ్ముడి మొహం చూశాను. భార్యకు ఏ లోటూ రాకూడదని నాలుగేళ్లుగా మనసులో కట్టుకున్న ఇల్లది. ఆ ఇంటిని ఇప్పుడు రోడ్డు పక్కన వరసగా పెడుతున్నాడు. ఆవిడేమో నడుం నొప్పి మరిచి, ఏది ఉండాలో ఏది పోవాలో వేలెత్తి చూపిస్తోంది.

సగం మిగిలాయి. కిందికి వెళ్లి మళ్లీ ఎక్కాం. కుదుపు తగులుతుందని ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది. అదే ఎత్తు. తమ్ముడు ఆపాడు. మళ్లీ కదిలించాడు. పై మలుపు దాటాక భార్యను అడిగాడు.

"ఎలా ఉంది?"

"ఎత్తు దగ్గర ఆపి చూస్తానన్నారుగా, ఇంకా ఆపరేం?" అంది ఆవిడ కళ్లు తెరవకుండానే.

తమ్ముడు బండి పక్కకు తీసి షాపుకు ఫోన్ చేశాడు.

"ఇదే తీసుకుంటున్నా. రేపే కావాలి."